బురదదీవి దస్తరములు

కువైటు అనగానే మనలో పలువురకు మనసున మెదలునవి ఇసుక, ఎండ, చమురుబావులు. కడప సీమనుండియు, గోదావరి జిల్లాలనుండియు వేలకొలది తెలుగువారు పొట్టకూటికై ఆ దేశమునకు పోవుచుండుటచేత, అక్కడి వేడిమిని గూర్చియు, కాయకష్టమును గూర్చియు మన బంధువర్గములలో మాటలు వినబడుచునేయుండును. అట్టి దేశమున బురదనేల కలదనియు, దానికొఱకు సామ్రాజ్యములు పత్రములతోను, పటములతోను పోరాడినవనియు చెప్పినచో నమ్మువారరుదు. ఈ సంగతి ప్రస్తావించినప్పుడు మన సంఘసభ్యులొకరు “ఎడారిలో ఊబి యెక్కడిదండీ, మీకు కల వచ్చినదా?” యని నవ్విరి. ఆ నవ్వునకు సమాధానమే ఈ వ్యాసము.

చిత్తడినేల యనిన మనకు క్రొత్తగాదు. మలేసియాలో పేరాకు తీరమున మన పెద్దలు మోకాటిలోతు బురదలో నిలిచి కాలువలు త్రవ్విరి, కట్టలు వేసిరి, సముద్రపుటుప్పును వెడలగొట్టి కొబ్బరితోటలను నిలిపిరి. ఆ నీరు నేటికిని పారుచున్నది. కాని కాలువలు త్రవ్వినవారి పేర్లు ఏ కచ్చేరి పుస్తకమునను కానరావు. బురదకును కాగితమునకును గల సంబంధ మెట్టిదో కువైటు కథ మనకు తేటతెల్లముగా చెప్పును. కావున పాఠకమహాశయులు ఓపికతో వినవలయునని కోరుచున్నాము.

దీవి స్వరూపము

పారసీక సింధుశాఖ యొక్క ఉత్తరపు కొనయందు, టైగ్రిసు యూఫ్రటీసు నదులు కలిసి షట్-అల్-అరబ్ అను పేర సముద్రమున బడుచోటికి పడమరగా బూబియాన్ అను దీవి కలదు. దాని వైశాల్యము 863 చదరపు కిలోమీటర్లు. కువైటు దేశమంతయు 17,818 చదరపు కిలోమీటర్లు. అనగా దేశమున ఇంచుమించు ఇరువదవవంతు ఈ యొక్క దీవియే. దానికి ఉత్తరమున వర్బా అను చిన్నదీవి యున్నది. బూబియానునకును కువైటు ప్రధానభూమికిని నడుమ ఖోర్ సుబియా అను ఇరుకుపాయయు, ఆవలివైపున ఇరాకునకు ఎదురుగా ఖోర్ అబ్దుల్లా అను వెడల్పైన పాయయు కలవు. ఖోర్ అనగా అరబ్బీ భాషలో సముద్రము నేలలోనికి చొచ్చుకొనివచ్చిన పాయ.

దీవియందు కొండలేదు, చెట్టులేదు, తీపినీటి ఊటలేదు. నేల సముద్రమట్టమునకు కొద్దిగా పైన నుండును. పోటు వచ్చినప్పుడు అంచులన్నియు మునుగును. ఆటు వచ్చినప్పుడు మైళ్లకొలది నల్లని బురద తేలును. ఆ బురదపై ఉప్పునకోర్చు పొట్టిమొక్కలు తప్ప మరేమియు మొలవవు. మన తీరమున మలయులు ‘బెలాచాక్’ అని పిలుచు గంతులువేయు చేపలు కలవు గదా! వాని జ్ఞాతులే కువైటు బురదలందును ప్రాకుచుండును. పీతలను పొడుచుకొని తిను తెలుపునలుపు పక్షియొకటి, ఆంగ్లమున క్రాబ్ ప్లోవర్ అనబడునది, ఈ దీవిలో నేలను దొలిచి బొరియచేసి అందులో గ్రుడ్డుపెట్టును. నేలవేడిమియే దానికి సగము పొదుగు. ఆ జాతి పక్షులు ప్రపంచమున పిల్లలనుచేయు ముఖ్యస్థలములలో బూబియాన్ ఒకటి.

కాని నూటయేబదియేండ్ల క్రిందట రాజులకు గాని, దొరలకు గాని పక్షులతో పనిలేదు. పన్నురాని నేల, పంటలేని నేల, ఊరులేని నేల. అట్టిదానిని లెక్కకు తెచ్చువారెవరు?

షేకు ముబారకు

1896వ సంవత్సరమున ముబారకు బిన్ సబా అనునతడు తన సవతియన్నలగు మహమ్మదును, జర్రాహును చంపి కువైటు గద్దెనెక్కెను. ఆతని చరిత్రమున ఈ రక్తపు మరక మాయునది కాదు. ఐనను 1915లో మరణించువఱకు ఆతడు చూపిన రాజ్యతంత్రమునుబట్టి అరబ్బులాతనిని ‘ముబారక్ అల్-కబీర్’, అనగా ఘనుడైన ముబారకు, అని పిలుచుచున్నారు. నేటి కువైటును నిలిపినవాడతడే యని వారి నమ్మకము.

ఉత్తరమున తురుష్క సామ్రాజ్యము కువైటు తనదేయనుచుండెను. ముబారకు ఆంగ్లేయులను చేరదీసెను. 1899 జనవరి 23వ తేదిన సింధుశాఖ రెసిడెంటగు కర్నల్ మీడ్ దొరతో రహస్యముగా ఒడంబడిక చేసికొనెను. ఆంగ్లప్రభుత్వపు సమ్మతిలేక తన నేలలో ఏ భాగమును అన్యరాజ్యమునకు అమ్మననియు, కౌలునకీయననియు, పరదేశపు ప్రతినిధిని చేర్చుకొననని యును ఆతడు వ్రాసియిచ్చెను. అందుకు ఆతనికి ముట్టినది 15,000 రూపాయలు. రూపాయలేమని శంకింపవలదు. సింధుశాఖ వ్యవహారములన్నియు నాడు హిందూదేశ ప్రభుత్వపు చేతిలోనివే. కువైటు అంగళ్లలో 1961వఱకు మారినది రూపాయనాణెమే.

మరుసటియేడు, 1900 జనవరిలో, కాన్‌స్టాంటినోపిల్ నగరమందలి జర్మను కాన్సల్ జనరల్ స్టెమ్రిచ్ అనునతడు ఒక బృందముతో కువైటునకు వచ్చెను. బాగ్దాదునుండి సముద్రమువఱకు వేయదలచిన రైలుదారికి కొన యెక్కడనో చూచుట వారిపని. కువైటు అఖాతపు లోపలనున్న కాజిమా అను చోటు వారికి నచ్చెను. ముబారకు నేలయిచ్చుటకు ఒప్పుకొనలేదు. ఆతని పెట్టెలో మీడ్ దొర పత్రమున్నది. ఆంగ్లేయులు ఇంతటితో ఊరకుండక 1907లో కువైటు పట్టణమునకు పడమరనున్న షువైఖ్ రేవునేలను ఏటేట 60,000 రూపాయల కౌలునకు పుచ్చుకొనిరి. ఆ నేల చేజిక్కినయెడల మరొకరి రైలు అక్కడికి రానేరదు.

ఇట్లు రైలుదారి మాట పుట్టినంతనే, ఓడలు చొరదగిన ప్రతిపాయకును, దాని గట్టుననున్న ప్రతి బురదగడ్డకును వెల యేర్పడినది.

చేపలదడి సాక్ష్యము

తురుష్కులును తెలివితక్కువవారు గారు. అఖాతము దక్కనిచో ఖోర్ అబ్దుల్లా దక్కవలెనని తలచి, 1902లో ఉమ్ కసర్ వద్దను, సఫ్వాన్ వద్దను, బూబియాన్ దీవిపైనను చిన్నచిన్న దండులను నిలిపిరి. దీవి తనదని ముబారకు ఆక్షేపించెను. అప్పుడు ఆంగ్లదొరల కొక చిక్కు వచ్చినది. దీవి షేకుదని వాదించుటకు ఋజువేది? అక్కడ కోటలేదు, మసీదు లేదు, పన్ను వసూలుచేసిన రసీదు లేదు. రాజునకు రాజ్యముకలదని చెప్పుటకు మామూలుగా చూపు గురుతులలో ఒక్కటియు లేదు.

వెదకగా వెదకగా దొరకిన సాక్ష్యమొక్కటే. కువైటు షేకుకు లోబడిన అవాజిమ్ అను తెగవారు ఆ దీవి తీరమున చేపలుపట్టు స్థావరములు కలిగియుండిరి. వారు ధనికులు గారు. అరబ్బు తెగల వరుసలో గొప్పకులీనులుగా ఎంచబడినవారును గారు. బురదనేలలో చేపలుపట్టుకొని బ్రతుకువారు. కువైటు తీరమున ‘హద్రా’ అను చేపలదడి వాడుక కలదు. పోటు వచ్చి మునిగి, ఆటు వచ్చి తేలు చదునునేలలో కఱ్ఱలునాటి చుట్టుగా దడికట్టుదురు. పోటుతో వచ్చిన చేప దడిలో చొచ్చును. నీరుతీసినప్పుడు వెనుకకు పోలేక బురదపై నిలుచును. పడవలేకున్నను, పెద్దవల లేకున్నను, నేలగుట్టు తెలిసిన పేదవాడు కడుపు నింపుకొనగల ఉపాయమది.

ఈ పేదల జీవనమే షేకుహక్కునకు ఆధారముగా రాజపత్రములకెక్కినది. మేమీ సంగతి చదివి కొంతసేపు పుస్తకము మూసి కూర్చుంటిమి. కోటలు చెప్పలేని సాక్ష్యము చేపలవారి వాడుక చెప్పినది. అయితే ఆ సాక్ష్యము దానంతటదియే నిలువలేదు. ఎవడో ఒక ఉద్యోగి దానిని అడిగి తెలిసికొని వ్రాయుటచేతనే నిలిచినది. వ్రాయకున్నచో ఆటుపోటులతోపాటు అదియు కొట్టుకొనిపోయెడిది.

అట్లు వ్రాసినవారిలో ముఖ్యుడు జాన్ గార్డన్ లారిమర్ అను దొర. కర్జన్ ప్రభువు రాజప్రతినిధిగా నున్న కాలమున ఆతనికి సింధుశాఖను గూర్చి సమగ్రమైన గ్రంథము వ్రాయుపని యొప్పగింపబడెను. ఊళ్లు, బావులు, తెగలు, ఒంటెలు, పడవలు, ఈతచెట్లు, అన్నియు అందులో లెక్కకెక్కినవి. భూగోళభాగము 1908లోను, చరిత్రభాగము 1915లోను అచ్చుపడెను. చరిత్రభాగము వెలువడుటకు ముందే, 1914లో, లారిమర్ మరణించెను. ఆ గ్రంథము సర్కారు ఉద్యోగులకు తప్ప ఇతరులకు చూపరానిదిగా 1955వఱకు దాచబడియుండెను. ఇంచుమించు 5,000 పుటల ఆ గ్రంథమును, బుషైరు రెసిడెన్సీవారి దస్తరములతోను, కువైటు ఏజెన్సీవారి దస్తరములతోను కూడ, నేడు ఎవరైనను తమ ఇంట కూర్చుండి చదువవచ్చును. లండనులోని బ్రిటిషు గ్రంథాలయమువారును, కతారు దేశపు జాతీయ గ్రంథాలయమువారును చేయికలిపి 2014నుండి వానిని అంతర్జాలమున నుంచుచున్నారు.

1913 జూలై 29వ తేదిన ఆంగ్లేయులును తురుష్కులును ఒక ఒప్పందముపై చేవ్రాలు చేసిరి. కువైటుచుట్టు పటముపై ఎఱ్ఱగీత యొకటి గీయబడెను. వర్బా, బూబియాన్ దీవులు ఆ గీతలోపల చేరినవి. మరుసటియేడే మహాయుద్ధము వచ్చుటచేత ఆ ఒప్పందము ఖాయముకాలేదు. కాని గీత పటముపై నిలిచిపోయినది.

కాగితము తప్పిన చోటు

కాగితమున్నచో అన్నియు దక్కునని పాఠకులు తలపరాదు. ముబారకునకు షట్-అల్-అరబ్ తీరమున, ఫావో మొదలైన చోట్ల, ఖర్జూరపు తోటలు కలవు. తోటల జీవులమైన మన మావిధమును వినదగును. అక్కడి తోటలకు ఏతము అక్కఱలేదు. సముద్రపుపోటు నదిలోని తీపినీటిని వెనుకకు నెట్టి పైకెత్తును. ఆ నీరు చిన్నకాలువలద్వారా దినమునకు రెండుమారులు చెట్లమొదళ్లకు చేరును. ఆటువేళ మురుగును, ఉప్పును తనతో తీసికొనిపోవును. నేలయును, నదియును, సముద్రమును కలిసి చేయు సేద్యమది.

1914 నవంబరు 3వ తేదిన, తురుష్కులతో యుద్ధమునకు ముబారకు తోడ్పడుటకు ప్రతిఫలముగా, ఆంగ్లప్రభుత్వము ఆతనికొక వాగ్దానపత్రమిచ్చెను. ఫావో, కుర్నా ఊళ్లనడుమ ఆతనికిగల ఖర్జూరపు తోటలు ఆతనికిని, ఆతని సంతతికిని పన్నులేక దక్కునని అందు వ్రాయబడెను. యుద్ధము ముగిసినది, ఇరాకు రాజ్యమేర్పడినది, 1932లో అది స్వతంత్రమైనది. క్రొత్త రాజ్యము పాతమాటను తనదిగా నెంచలేదు. తోటలపై పన్నులును, తగవులును వచ్చిపడినవి. ముబారకు వారసులు ఆ పత్రమును పట్టుకొని ఏండ్లతరబడి తిరుగవలసివచ్చెను.

కావున పత్రము చాలదు. దాని వెనుక నిలుచువారును ఉండవలెను. ఐనను పత్రమే లేకున్న తిరుగుటకైనను ఆధారమేది?

అదే 1932లో ఇరాకు ప్రధాని నూరీ పాషాయును, కువైటు పాలకుడు షేకు అహమ్మదును ఉత్తరములద్వారా తమ సరిహద్దును ఒప్పుకొనిరి. ఆ ఉత్తరములందు వర్బా, బూబియాన్ దీవుల పేర్లు విడివిడిగా వ్రాయబడి, అవి కువైటువని స్పష్టముగా చెప్పబడినది. 1961లో కువైటు స్వతంత్రమైన పిమ్మట, 1963 అక్టోబరు 4న ఇరాకు ఆ సరిహద్దునే మరల అంగీకరించెను. కాని పేరువ్రాసిన మాత్రమున ఆశ చావదు గదా! 1973లో ఇరాకు సేన సమితా అను కువైటు సరిహద్దుఠాణాపై బడెను. అప్పుడును ఇరాకు కోరినది ఈ రెండు దీవులనే. పొడవైన సముద్రతీరములేని ఇరాకునకు ఖోర్ అబ్దుల్లాయే ఓడలదారి. దాని ద్వారబంధమువంటిది బూబియాన్.

ఉత్తరపు ఊబియు, మరొక నాయకుడును

ఈ బురద యెక్కడినుండి వచ్చినది? ఉత్తరముననున్న రెండు మహానదుల ఒండ్రునుండి. బూబియాన్ కథ తెలియవలెనన్న ఇరాకు దక్షిణభాగపు మహా చిత్తడినేలలను గూర్చి తెలియవలయును. 1970 ప్రాంతమున అవి 15,000 మొదలు 20,000 చదరపు కిలోమీటర్లవఱకు వ్యాపించియుండెను. రెల్లుతో ఇండ్లు కట్టుకొని, గేదెలను మేపుకొని, నాటుపడవలలో తిరుగు లక్షలాది జనులు అందు తరతరములుగా నివసించిరి. ఆ రెల్లుపొదలు జల్లెడవలె నదినీటిని వడకట్టి సముద్రమునకు పంపుచుండెను.

ఆ నీటితో కువైటునకు చుట్టరికము కలదు. మన గోదావరికి సముద్రమునుండి ఎదురీదివచ్చు పులస చేపను ఎరుగని తెలుగువాడుండడు. అదే జాతిచేప సింధుశాఖనుండి షట్-అల్-అరబ్‌లోనికి ఎదురీది, ఆ చిత్తడినేలలవఱకు పోయి గ్రుడ్లు పెట్టును. కువైటువారు దానిని ‘సుబూర్’ అందురు. వారికి ప్రాణప్రదమైన ‘జుబైదీ’, మన చందువ, అదియును ఈ ఉత్తరపు నీళ్లలోనే పెరుగును. ఉత్తరపు ఊబి ఎండినయెడల దక్షిణపు విస్తరి వెలితిపడును.

1951లో ఫ్రాంక్ హేగ్ అను ఆంగ్ల ఇంజనీరు ఇరాకు నదుల అదుపును గూర్చి ప్రభుత్వమునకు నివేదిక యొకటి వ్రాసెను. ఊబిలో నిలుచు నీరు వృథాయని యెంచి, కట్టలద్వారాను, కాలువలద్వారాను ఆ నీటిని సేద్యమునకు మళ్లించవచ్చునని అందు సూచించెను. ఆతని యుద్దేశము సేద్యమే. దానియందు దోషమెంచుట మా పని కాదు. కాని ‘వృథా’ యను మాట ఒకసారి దస్తరమునకెక్కిన పిమ్మట దానిని ఎవరు, ఎప్పుడు, ఎందులకు వాడుకొందురో వ్రాసినవాడెరుగడు.

1990 ఆగస్టు 2వ తేదిన ఇరాకు అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ కువైటును ఆక్రమించెను. మన హిందూదేశస్థులు ఇంచుమించు 1,70,000 మంది సర్వమును విడిచి విమానములపై ఇంటికి చేరిన సంగతి నేటికిని పెద్దలకు జ్ఞాపకమే. 1991లో ఆతని సేన ఓడిపోయి వెడలినపిమ్మట దక్షిణ ఇరాకు ప్రజలు తిరుగబడిరి. తిరుగుబాటుదారులు ఊబిలో తలదాచుకొనిరి. ఆ రెల్లుపొదలను వారికి దక్కకుండచేయుటకై సద్దాం నీటినే మళ్లించెను. నదులకు గట్లు వేయించెను. 565 కిలోమీటర్ల పొడవుగల పెద్దకాలువ 1992 డిసెంబరునాటికి పూర్తియై, సద్దాం నది యని ఆతని పేరే తాల్చెను. 2001లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థవారు ఆకాశమునుండి తీసిన పాతపటములను, క్రొత్తపటములను పోల్చిచూచి, ఆ చిత్తడినేలలలో నూటికి 90 వంతులు నశించెనని లోకమునకు చాటిరి. భూమిపైనున్న దస్తరములను కాల్చవచ్చును. ఆకాశపు దస్తరమును ఏ నాయకుడును కాల్చలేకపోయెను.

జల్లెడ పోవుటచేత ఒండ్రును, లవణములును కలిసిన కాలువనీరు వడపోతలేక ఖోర్ జుబైర్ గుండ కువైటు ఉత్తరపు నీళ్లలోనికి దిగినది. కువైటు విజ్ఞానపరిశోధన సంస్థవారు ఆ నీళ్లలో వచ్చిన మార్పులను పరిశీలించుచు వచ్చిరి. 2003లో సద్దాం పాలన కూలిన వెంటనే ఊబివాసులు గునపములతోను, పారలతోను గట్లను తెగగొట్టి నీటిని మరల లోనికి తెచ్చుకొనిరి. పోయినది అంతయు తిరిగిరాలేదు. ఎగువదేశముల ఆనకట్టలును, అనావృష్టియును ఆ నేలను నేటికిని పీడించుచున్నవి. ఐనను 2016లో ఆ చిత్తడినేలలు ప్రపంచ వారసత్వ స్థలములుగా గుర్తింపు పొందెను.

దోచుకొనబడిన పెట్టెలు

కువైటును ఆక్రమించిన ఏడుమాసములలో ఇరాకుసేన బంగారమును, వాహనములను మాత్రమే దోచుకొనలేదు; ఆ దేశపు ప్రభుత్వ దస్తరములనుకూడ మూటగట్టి కొనిపోయెను. దేశము తనదే యనువానికి ఆ దేశపు పాతపత్రములు కంటిలో నలుసులు గదా! వానిని తిరిగియీయవలెనని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి పదేపదే అడుగవలసివచ్చినది. కొంతభాగము తరువాతి సంవత్సరములలో విడతలుగా తిరిగి వచ్చినది.

అదృష్టవశమున ముబారకు నాటి వ్యవహారములకు నకళ్లు ఒకచోటనే లేవు. కొన్ని లండనులో, కొన్ని ఢిల్లీలోని జాతీయ పురాలేఖాగారమున భద్రముగా నుండెను. యుద్ధానంతరము ఐక్యరాజ్యసమితి ఒక సరిహద్దు సంఘము నేర్పరచెను. దానికి మొదటి అధ్యక్షుడు ఇండోనీసియా దేశపు మాజీ విదేశాంగమంత్రి మొఖ్తర్ కుసుమాత్మజ. పిమ్మట గ్రీకు దేశస్థుడు నికొలస్ వాల్టికోస్. వారు పాత ఉత్తరములను, పటములను ముందుంచుకొని గీతను నేలపై నిలిపిరి. 1932నాటి ఉత్తరములలో సరిహద్దు సఫ్వాన్ గ్రామమునకు దక్షిణముగా పోవునని వ్రాసియున్నదే గాని, ఎంత దక్షిణమో వ్రాసియుండలేదు. ఆ యొక్క మాట లోపించుటచేత ఎంతటి తగవు పుట్టెనో చెప్పనలవిగాదు. దీవుల విషయమున అట్టి చిక్కు రాలేదు. పేరుతో సహా వ్రాసియుండుటయే కారణము. 1993 మే 27వ తేదిన భద్రతామండలి 833వ తీర్మానముద్వారా ఆ గీత తుదియని ప్రకటించెను. మరుసటియేడు ఇరాకు అంగీకరించెను.

నేటి స్థితి

2015లో కువైటు చిత్తడినేలల రక్షణకు సంబంధించిన రామ్‌సార్ ఒడంబడికలో చేరినది. ఇరానులోని రామ్‌సార్ పట్టణమున 1971లో పుట్టిన ఒడంబడిక యిది. హిందూదేశము 1982లోను, మలేసియా 1995లోను అందు చేరినవి. కువైటు తన మొదటి స్థలముగా వ్రాయించినది బూబియాన్, వర్బాదీవులయందలి 50,948 హెక్టారుల బురదనేలనే. దానికి పెట్టిన పేరు ‘ముబారక్ అల్-కబీర్’ రక్షితస్థలము. నూఱేండ్ల క్రిందట రైలుకొఱకు, రేవుకొఱకు ఎవరి పేర పత్రములకెక్కినదో, నేడు పక్షులకొఱకు, చేపలకొఱకు ఆ పేరనే మరల పత్రమునకెక్కినది.

అంతటితో కథ సుఖాంతమనరాదు. అదే దీవి తూర్పుకొనను 2011లో పెద్ద ఓడరేవునకు పని మొదలిడిరి. దానికిని ముబారకు పేరే. పక్షిబొరియయు, రేవుకట్టయు ఒకే దీవిపై, ఒకే పేరుతో నిలువవలసియున్నవి. ఇరాకుతో తగవును పూర్తిగా చల్లారలేదు. ఖోర్ అబ్దుల్లాలో ఓడల రాకపోకలకై 2012లో ఉభయులు చేసికొన్న ఒప్పందమును ఆమోదించిన చట్టము చెల్లదని 2023 సెప్టెంబరులో ఇరాకు అత్యున్నత న్యాయస్థానము తీర్పుచెప్పెను.

మన మాట

మన ఆంధ్రదేశపు కొల్లేటి సంగతియు ఇట్టిదే. ఎంతవఱకు సరస్సు, ఎంతనుండి చెరువుగట్టు అను గీత కాగితముపై దిట్టముగా లేనన్నాళ్లు చేపలచెరువులు నీటిని మ్రింగుచునే వచ్చినవి. 1999లో అయిదవ అడుగు మట్టమువఱకు రక్షితస్థలమని ప్రకటించినపిమ్మటనే, 2006లో ఆ చెరువుగట్లను తెగగొట్టుటకు ప్రభుత్వమునకు చేయి వచ్చినది. ఆ పత్రమువలన ఉపాధి కోల్పోయిన బెస్తల, రైతుల గోడును కొట్టివేయదగినది కాదు. ఎవరి జీవనము పత్రమునకెక్కునో, ఎవరిది ఎక్కదో అన్నదే అన్నిచోట్లను అసలు ప్రశ్న.

మన తోటలలోని కోవెలల స్థితిని ఒకమారు తలచిచూడుడు. కూలిలైన్ల ప్రక్కన, తోట యజమాని నోటిమాటపై, మన తాతలు రాతినో, పసుపుముద్దనో నిలిపి కొలువు ప్రారంభించిరి. తరువాత తోటలు చేతులు మారినవి, నేల పట్టణమైనది, ‘మీకు ఈ నేలపై హక్కుపత్రమున్నదా?’ యను ప్రశ్న వచ్చినది. చెప్పుటకు మాటలున్నవి, చూపుటకు కాగితములేదు. ఇట్లు స్థలము విడువవలసివచ్చిన కోవెలలు మనమెరుగనివి కావు.

బూబియాన్ దీవికిని హక్కుపత్రములేదు. అవాజిమ్ చేపలవారు అక్కడ చేపలు పట్టుచుండిరి అను ఒక్కమాట మాత్రము ఎవరో అడిగిరి, ఎవరో చెప్పిరి, ఎవరో వ్రాసిరి. ఒక దేశమునకు ఇరువదవవంతు నేల దక్కుటలో ఆ మాటకును పాలుకలదు. మన పెద్దలలో బురదకాలువలు త్రవ్విన తరమువారినుండి స్వయముగా విన్నవారు నేటికిని కొందరున్నారు. ఏ కుటుంబము ఏ కాలువకు గట్టువేసినది, కోవెలకు మొదటి పందిరి ఏ సంవత్సరమున వేసిరి, చందా ఎవరెవరిచ్చిరి, ఆనాటి రసీదు ఎవరి పెట్టెలో నున్నది, ఈ సంగతులు వారితోనే పోరాదు. ఒకప్రతి ఇంట, ఒకప్రతి సంఘపు బీరువాలో, ఒకప్రతి వేరొక ఊర నుండవలెను. ఒకచోటిది పోయినను మరొకచోట దొరకుటయే కువైటువారికి కలిసివచ్చినది.

కావున వచ్చే మాసమునుండి ఆదివారపు పూజ ముగిసినపిమ్మట, సంఘపు గదిలో ఒక పుస్తకము తెఱచి యుంచెదము. పెద్దలు చెప్పవలెను, చదువుకొన్న పిల్లలు వ్రాయవలెను. కలము, కాగితము మేము సిద్ధముచేసెదము. రావలసినది మీరు.